నిద్రమాత్రకూ కాఫీకీ పేచీ

నిద్ర పట్టడం లేదంటూ వచ్చిన వారిని నేను మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటున్నది. "నిన్న పొద్దున లేచినప్పటి నుండి రాత్రి పడుకునే వరకు ఏమేమి తాగినారు?" చాలామంది ఈ ప్రశ్నకు చిన్నబుచ్చుకుంటారు. మద్యం సంగతి అడుగుతున్నానని వారి అనుమానం. నేనడిగేది చాయ్ గురించి, కాఫీ గురించి అని తెలిసిన తరువాత నవ్వేసి "అవి లెక్కలోకి వస్తాయా సార్!" అంటారు. వస్తాయి. నిద్రమాత్ర వాడేవారి విషయంలో మరీ ఎక్కువగా లెక్కలోకి వస్తాయి. ఆ లెక్క ఏమిటో, దానిని ఇంట్లోనే ఎలా కట్టుకోవచ్చునో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసిన మా ఊరిలో చాయ్ దొరకని వేళ లేదు. కాజీపేట జంక్షన్‌లో అర్ధరాత్రి రైలు ఆగినా చాయ్ కేక వినిపిస్తుంది. మిర్చి సీజన్ వచ్చిందంటే ఎనుమాముల మార్కెట్‌లో రాత్రంతా బస్తాలు దిగుతూనే ఉంటాయి, వాటితోపాటు చాయ్ గ్లాసులు తిరుగుతూనే ఉంటాయి. పరీక్షల రోజుల్లో కాలేజీ హాస్టళ్ళ సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి డ్యూటీలు చేసే రైల్వేవారు, నర్సులు, పోలీసులు, చదువుకునే పిల్లలు అందరూ నిద్రను వాయిదా వేయడానికి ఆశ్రయించేది ఈ గ్లాసునే. ఆ నిద్ర కావాలనుకున్నప్పుడు రాకపోతే వీరిలో కొందరు మందుల షాపు దారి పడుతున్నారు. వైద్యవృత్తిలో నన్ను బాగా కలవరపెట్టే విషయం ఇదే.

ఒక కుటుంబం లెక్క

కొంతకాలం క్రితం ఒక బ్యాంకు ఉద్యోగిని భర్తతో కలిసి వచ్చారు. వయస్సు 46. రెండేళ్ళుగా రాత్రిపూట ఆల్ప్రజోలాం 0.5 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నారు. బదిలీ అయి ఇల్లు మారిన రోజుల్లో ఒక డాక్టరుగారు రెండు వారాల కోసం రాసిన మాత్ర అది. రెండు వారాలు రెండేళ్ళయినాయి. ఆవిడ భర్త "సార్, గోలి ఏసుకున్నా నిద్ర పడతలేదు. రెండు గోలీలు ఏసుకోవాల్నా?" అని అడిగినారు. ఆవిడ మాత్రం మరొక మాట చెప్పారు. పొద్దున లేచేసరికి తల దిమ్ముగా ఉంటుందట. కౌంటర్ దగ్గర లెక్క ఒకటికి రెండుసార్లు చూసుకోవలసి వస్తున్నదట. స్కూటీ మీద వస్తుంటే సిగ్నల్ దగ్గర ఆగడం ఆలస్యమై ఒకసారి ముందున్న ఆటోకు తగిలించారట.

నేను కాగితం తీసి ఆమె తాగేవన్నీ రాయించాను. ఉదయం అయిదున్నరకు ఫిల్టర్ కాఫీ. పదకొండుకు బ్యాంకులో చాయ్. నాలుగు గంటలకు మళ్ళీ చాయ్. ఇంటికి వచ్చి ఆరున్నరకు భర్తతో కూర్చుని ఇంకొక కాఫీ. రోజంతా తలదిమ్ముతో ఉంటారు గనుక సాయంత్రం ఏడింటికి తరచుగా ఒక సారిడాన్ మాత్ర. రాత్రి పదిన్నరకు నిద్రమాత్ర.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో కాఫీ, టీల గురించి స్పష్టమైన అంకెలు ఇచ్చింది. 150 మి.లీ. కప్పు డికాషన్ కాఫీలో 80 నుండి 120 మి.గ్రా., ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుండి 65 మి.గ్రా., టీలో 30 నుండి 65 మి.గ్రా. కెఫీన్ ఉంటుందని, రోజుకు 300 మి.గ్రా. మించరాదని ఆ సంస్థ చెప్పింది. భోజనానికి గంట ముందు, గంట తరువాత ఇవి తాగవద్దని కూడా సలహా ఇచ్చింది. దానికి కారణం టానిన్లు అన్నంలోని ఇనుమును ఒంటికి పట్టనీయకపోవడం. అది వేరే విషయం.

ఇప్పుడు ఆవిడ లెక్క చూద్దాము. కాఫీకి 90, చాయ్‌కి 45 చొప్పున వేసుకుంటే నాలుగు కప్పులకు 270 మి.గ్రా. అయినది. సారిడాన్ మాత్రలో 50 మి.గ్రా. కెఫీన్ ఉంటుంది, అట్ట మీద చిన్న అక్షరాలలో రాసి ఉంటుంది గాని తలనొప్పితో ఉన్నవారు ఎవరు చదువుతారు! మొత్తం 320. పరిమితిని కాస్త దాటినట్లే గాని, ఇది ఘోరమైన అంకె ఏమీ కాదు. అసలు చిక్కు వేళలలో ఉన్నది.

ఆరోగ్యవంతులైన పెద్దవారిలో తాగిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. మిగిలిన సగంలో సగం పోవడానికి మరో 5 గంటలు. ఈ ప్రకారం లెక్క కడితే ఆరున్నర కాఫీలో 50 మి.గ్రా. పైన, సారిడాన్‌లో 30, నాలుగు గంటల చాయ్‌లో 18, ఉదయపు వాటిలో మరో 17 మి.గ్రా. దాకా రాత్రి పదిన్నరకు ఆమె ఒంట్లో మిగిలే ఉన్నాయి. అన్నీ కలిపితే దాదాపు 120 మి.గ్రా. అనగా ఆవిడ ఒక చేత నిద్రమాత్ర, మరో చేత పెద్ద కప్పు డికాషన్ కాఫీ పట్టుకుని మంచమెక్కుతున్నట్లు లెక్క. ఎద్దు ఎండకు, దున్న నీడకు లాగిన బండి ఇది.

ఈ లెక్క చూసి వారాయన చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం కాఫీ పెట్టి ఇచ్చేది ఆయనే.

మెదడులో జరిగేది

మెలకువగా ఉన్నంతసేపూ మన మెదడులో అడినోసిన్ అనే పదార్థం కొద్దికొద్దిగా పోగుపడుతుంది. అది తన కోసం ఏర్పడిన స్థానాలలో కూర్చున్నకొద్దీ మనకు బడలిక, ఆవులింతలు, కంటి మీద కునుకు వస్తాయి. కెఫీన్ ఆకారంలో అడినోసిన్‌ను పోలి ఉంటుంది. ఆ కుర్చీలలో ముందుగా వెళ్ళి కూర్చుంటుంది గాని ఆ పని మాత్రం చేయదు. అడినోసిన్ బయట నిలబడే ఉంటుంది. కాఫీ అలసటను పోగొట్టదు, ఆ అలసట కబురు మనకు అందకుండా ఆపుతుంది. కెఫీన్ లేచి వెళ్ళిన మరుక్షణం నిలబడి ఉన్నవన్నీ ఒక్కసారిగా లోపలికి వస్తాయి. మధ్యాహ్నం కాఫీ దిగిపోగానే కళ్ళు మూతలు పడటానికి ఇదే కారణం.

నిద్రమాత్రలు పనిచేసే చోటు వేరు. మన ఇళ్ళలో ఒకప్పుడు 'కాంపోజ్' అనే పేరుతో అందరికీ తెలిసిన డయజిపాం, ఇప్పుడు ఎక్కువగా రాస్తున్న ఆల్ప్రజోలాం, క్లోనజిపాం, నైట్రజిపాం ఒక జాతివి. ఈ జాతికి ఆద్యుడు రోష్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు లియో స్టెర్న్‌బాక్. ఆయన కనుగొన్న లిబ్రియం 1960లో, వేలియం పేర డయజిపాం 1963లో బజారులోకి వచ్చాయి. జోల్పిడెం రసాయనికంగా వేరైనా చేసే పని ఇంచుమించు అదే. ఇవన్నీ మెదడును శాంతపరచే గాబా అనే పదార్థానికి బలం చేకూరుస్తాయి. ఒకటి నిద్రకు కావలసిన ఒత్తిడిని అడ్డగిస్తున్నది, మరొకటి మెదడు మొత్తాన్ని నెమ్మదింపజేస్తున్నది. దారులు వేరు గనుక ఒకదానిని ఒకటి పూర్తిగా రద్దు చేయలేవు. ఈ మాటను పాఠకులు బాగా గుర్తుంచుకోవలెను. రాత్రి మాత్ర వేసుకుని "పొద్దున స్ట్రాంగ్ కాఫీ పడితే అంతా దిగిపోతుంది" అనుకునేవారు ఇక్కడే మోసపోతున్నారు.

ఈ విషయాన్ని ఆరోగ్యవంతులైన వాలంటీర్ల మీద పరీక్షించి చూశారు. ఫిన్లాండు దేశంలో మాటిలా అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన పరిశోధనలో మిడాజోలాం అనే మత్తుమందు 12 మి.గ్రా. పుచ్చుకున్నవారికి 250 మి.గ్రా. కెఫీన్ ఇచ్చి చురుకుదనాన్ని కొలిచారు. ట్రయజోలాం, జోపిక్లోన్ మాత్రలతోనూ అలాంటి పరీక్షలే చేశారు. అన్నిటిలోనూ కెఫీన్ మత్తును ఒక మోస్తరుగా మాత్రమే తగ్గించింది. 2007లో జోల్పిడెం గురించి అమెరికాలో ప్రచురితమైన పరిశోధనలో కూడా మత్తు పాక్షికంగానే తగ్గింది. 250 మి.గ్రా. కెఫీన్ అంటే ఒకే విడతలో రెండున్నర మూడు కప్పుల డికాషన్ కాఫీ అని గ్రహించండి. అంత తాగినా సగమే.

మిగిలిన సగం మనకు తెలియకపోవడమే ప్రమాదకరం. కాఫీ తాగాక కళ్ళు తెరుచుకుంటాయి, హుషారు వచ్చినట్లుంటుంది. మెదడు మాత్రం ఇంకా నెమ్మదిగానే నడుస్తూ ఉంటుంది. చేయి బ్రేకు మీదికి వెళ్ళడంలో క్షణకాలం ఆలస్యం, చెప్పిన మాట జారిపోవడం, లెక్క తప్పడం ఆ నెమ్మదితనపు గుర్తులే. ఆ ఉద్యోగిని ఆటోకు స్కూటీ తగిలించినది కాఫీ తాగిన గంటలోపే.

ఆడవారికి ఇక్కడ మరొక హెచ్చరిక. జోల్పిడెం ఆడవారి ఒంటి నుండి మగవారి కంటె నెమ్మదిగా బయటకు పోతుంది. తెల్లవారిన తరువాత కూడా వాహనం నడపడానికి తగని మోతాదు రక్తంలో మిగులుతున్నదని తేలడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఆడవారి మోతాదును 10 నుండి 5 మి.గ్రా.కు తగ్గించమని ఆదేశించింది. ఇక డయజిపాం సంగతి చెప్పాలంటే, అది సగానికి తగ్గడానికే ఒకటి రెండు రోజులు పట్టవచ్చును. ప్రతిరాత్రీ వేసుకునేవారిలో నిన్నటి మాత్ర మీద ఈనాటి మాత్ర చేరుతుంది. వృద్ధులలో ఇది మరీ ఎక్కువ. తెల్లవారుజామున బాత్‌రూముకు లేచి జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్న తాతగారి మంచం పక్కన ఏ మాత్రల అట్ట ఉన్నదో ఇంట్లోవారు ఒకసారి చూడాలి.

"నాకు కాఫీ తాగినా నిద్ర పడుతుంది"

ఈ మాట నాకు వారానికి నాలుగుసార్లయినా వినపడుతుంది. అబద్ధమని అనను. ఏళ్ళ తరబడి తాగేవారికి అలవాటు పడి, పడుకోగానే కునుకు పట్టవచ్చును. కాని ఆ నిద్రలో గాఢనిద్ర పాలు తగ్గుతుంది. అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో పరిశోధకులు 400 మి.గ్రా. కెఫీన్‌ను పడుకోబోయే ముందు, 3 గంటల ముందు, 6 గంటల ముందు ఇచ్చి చూసి 2013లో ఫలితాలు ప్రకటించారు. 6 గంటల ముందు పుచ్చుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గింది. విశేషమేమంటే, యంత్రం ఆ తేడా చూపించినా పాల్గొన్నవారికి మాత్రం తమ నిద్ర అంత తగ్గిందన్న సంగతి సరిగా తెలియలేదు. తెలియని లోటుకు మనిషి ఏ మందు వెతుకుతాడు? పొద్దున ఇంకొక కప్పు తాగుతాడు. రాత్రి ఇంకొక మాత్ర వేస్తాడు.

అందరి ఒళ్ళూ ఒక్క తీరుగా ఉండవు. కెఫీన్‌ను విరిచే పని కాలేయంలోని ఒక ఎంజైముది. అది కొందరిలో చురుకుగా, కొందరిలో మందంగా పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని మందగింపజేసేవి మరికొన్ని ఉన్నాయి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్‌కు సామాన్యంగా రాసే సిప్రోఫ్లాక్ససిన్ మాత్రలు వాడే రోజుల్లో మామూలు కాఫీయే రెట్టింపు పనిచేస్తుంది. "యాంటిబయాటిక్ వేడి చేసింది, నిద్ర లేదు" అని వచ్చేవారిలో కొందరి అసలు సమస్య ఇదే. మానసిక వైద్యులు వాడే ఫ్లూవోక్సమిన్ ఇంకా గట్టిగా అడ్డుపడుతుంది. గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలలో కెఫీన్ నిలిచే కాలం దాదాపు రెట్టింపు. నెలలు నిండుతున్న గర్భిణులలో ఇంకా ఎక్కువ. అటుపైన సిగరెట్టు పొగ ఈ ఎంజైమును ఉరికిస్తుంది. అందుచేత సిగరెట్టు మానిన పెద్దమనిషి అంతకుముందు తాగినన్ని కాఫీలే తాగుతున్నా, ఒంట్లో కెఫీన్ పెరిగిపోయి నిద్రకు దూరమవుతాడు. సిగరెట్టు మానడం వల్లనే నిద్ర పోయిందనుకుని మళ్ళీ ముట్టించినవారిని ఎరుగుదును. వారు తగ్గించవలసినది కాఫీ.

ఈమధ్య మెలటోనిన్ మాత్రలు కూడా మన ఊళ్ళలో దొరుకుతున్నాయి. దీనిని విరిచేదీ ఆ ఎంజైమే. కాఫీతో కలిపి పుచ్చుకుంటే రక్తంలో మెలటోనిన్ రెట్టింపుకు మించి చేరినట్లు ఆరోగ్యవంతుల మీద చేసిన పరిశోధన ఒకటి చూపించింది. ఎక్కువ చేరితే నిద్ర ఎక్కువ వస్తుందని సంతోషించవద్దు. దానితోపాటు కెఫీన్ కూడా అక్కడే కూర్చుని ఉన్నది గదా!

చాయ్‌లో పాలు ఎక్కువ పోస్తే, అల్లం యాలకులు వేస్తే కెఫీన్ విరిగిపోతుందనేది కేవలం నమ్మకం. ఎంతసేపు మరిగితే అంత ఎక్కువ దిగుతుంది. ఇరానీ హోటలులో పొయ్యి మీద గంటల తరబడి ఉండే డికాషన్‌ను ఇంటి చాయ్‌తో సమానంగా లెక్కించవద్దు. కాఫీపొడిలో చికోరీ కలిపితే మాత్రం ఆ మేరకు కెఫీన్ తగ్గుతుంది, ఎందుకంటే చికోరీ వేరులో కెఫీన్ లేదు. స్వచ్ఛమైన పొడి తాగుతున్నామని గర్వపడే ఇళ్ళలో నిద్ర తక్కువ కావడం నాకు వింతగా తోచదు.

కల్లులో దాగిన మాత్ర

తెలంగాణలో ఈ విషయం రాస్తూ కల్లును ప్రస్తావించకపోతే వ్యాసం అసంపూర్ణమవుతుంది. చెట్టు నుండి దించిన స్వచ్ఛమైన కల్లు గురించి నేనిక్కడ మాట్లాడడం లేదు. కొన్ని దుకాణాలలో కల్లు పేర అమ్మే ద్రవంలో ఆల్ప్రజోలాం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారన్నది ఏళ్ళుగా అధికారుల దాడులలో బయటపడుతున్న నిజం. 2015లో ప్రభుత్వం కల్తీకల్లు మీద గట్టిగా విరుచుకుపడినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాలలో ఆసుపత్రులకు జనం బారులు తీరారు. కాళ్ళు చేతులు వణకడం, పిచ్చిగా మాట్లాడటం, మూర్ఛలు రావడం వారి లక్షణాలు. తాము ఇన్నేళ్ళుగా నిద్రమాత్రలు మింగుతున్నామని వారిలో చాలామందికి తెలియదు. కల్లు ఆగగానే మాత్ర ఆగింది, మాత్ర ఆగగానే ఒళ్ళు తిరగబడింది.

మధ్యతరగతి ఇళ్ళకు ఇందులో పని లేదనుకోకండి. ఇంట్లో పనిచేసే మనిషి, డ్రైవరు, తోటపని చేసే పెద్దాయన సాయంత్రం కల్లు తాగి, ఉదయాన్నే రెండు మూడు గ్లాసుల చాయ్ పోసుకుని పనికి వస్తుంటే, ఆయన ఒంట్లో ఈ వ్యాసమంతా నడుస్తున్నట్లే. మన పిల్లలను బడికి దింపే ఆటో కూడా ఆయన చేతిలో ఉండవచ్చు. ఆయనను నిందించడం సులువు. పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా చెప్పి, ఒక్కసారిగా మానవద్దని, ప్రభుత్వాసుపత్రి మానసిక విభాగానికి వెళ్ళమని చెప్పడం మేలు. మా ఊళ్ళో ఎం.జి.ఎం. ఆసుపత్రి ఉన్నది.

ఆయుర్వేదం చెప్పినది

చరకుడు సూత్రస్థానం 11వ అధ్యాయంలో దేహాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలను చెప్పాడు: ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం. 21వ అధ్యాయంలో సుఖదుఃఖాలు, పుష్టి, కృశత్వం, బలం, దౌర్బల్యం, జ్ఞానం, అజ్ఞానం, చివరకు బ్రతుకు, చావు కూడా నిద్రను ఆశ్రయించి ఉన్నాయని అంటాడు. రాత్రి జాగరణ రూక్షమని, అనగా ఒంటిని ఎండగట్టేదని, పగటినిద్ర స్నిగ్ధమని చెప్పి, గ్రీష్మంలో తప్ప ఆరోగ్యవంతులకు పగటినిద్ర కూడదన్నాడు. కాఫీ, తేయాకు ఆయన ఎరుగడు. వాటి గుణదోషాలు శాస్త్రంలో వెతికి చూపేవారిని నేను నమ్మను. కాని రూక్షత్వం, వాతప్రకోపం అని ఆయన చెప్పిన లక్షణాలు, ఆరు కాఫీలు తాగి రాత్రి రెండింటికి పైకప్పు చూస్తూ పడుకున్నవాడిలో కొట్టొచ్చినట్లు కనిపిస్తాయి.

నిద్ర రప్పించే వాటిలో గేదెపాలు శ్రేష్ఠమని 25వ అధ్యాయంలో ఉన్నది. నూనెతో అభ్యంగనం, స్నానం, అరికాళ్ళకు తైలమర్దనం, మనస్సుకు నచ్చిన సువాసన, మంచి పడక కూడా చెప్పబడ్డాయి. వీటికి ఏ మాత్రతోనూ పేచీ లేదు. రాత్రి భోజనం తరువాత అరికాళ్ళకు గోరువెచ్చని నువ్వులనూనె పది నిమిషాలు రుద్దించుకుని, తుడిచి పడుకోవడం నా రోగులు ఎక్కువ మంది మెచ్చిన చిట్కా. రుద్దే మనిషి లేకపోతే తానే రుద్దుకోవచ్చు.

మూలికల విషయంలో మాత్రం పాఠకులు జాగ్రత్త పడాలి. సర్పగంధ, జటామాంసి, తగర, అశ్వగంధ కూడా మత్తును, శాంతిని కలిగించేవే. గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లో సర్పగంధ గుణాలను లోకానికి చాటారు. 1952లో దాని నుండి రిసర్పిన్‌ను వేరు చేశారు. ఇది అంత శక్తిగల వేరు. "ఇంగ్లీషు మందు వేరు, మన మందు వేరు" అనుకుని నిద్రమాత్ర పైన ఇవి కూడా మింగితే రెండు మత్తులు కలుస్తాయి. ఏది వేసుకుంటున్నారో ఇద్దరు వైద్యులకూ చెప్పండి. చెప్పకుండా దాచవలసిన అవసరం ఏమున్నది? పాలలో జాజికాయ కూడా చిటికెడు గంధమే గాని చెంచాలు కాదు. జాజికాయ ఎక్కువైతే వాంతులు, గుండెదడ, భ్రమలు వస్తాయి. గసగసాల పాయసం నిరపాయమే. గల్ఫ్‌కు వెళ్ళే పిల్లలకు మాత్రం ఆ పొట్లం కట్టి ఇవ్వకండి. అక్కడి విమానాశ్రయాలలో గసగసాలు పట్టుబడితే కేసే.

ఏమి చేయాలి

ఆ ఉద్యోగిని విషయంలో నేను నిద్రమాత్రను ముట్టుకోలేదు. కాఫీ వేళలను మాత్రం మార్చమన్నాను. ఉదయపు కాఫీ ఉంచుకోమన్నాను, పదకొండు గంటల చాయ్ ఉంచుకోమన్నాను. మధ్యాహ్నం పన్నెండు తరువాత కెఫీన్ వద్దన్నాను. సాయంత్రం కాఫీ బదులు ధనియాల కాఫీ. సారిడాన్ ఆపి, తలనొప్పికి కారణం కనుక్కోవడానికి కళ్ళ పరీక్ష చేయించమన్నాను. కంటి అద్దాలు మారినాయి.

ఒక్కరోజున అన్నీ మానిపించకపోవడానికి కారణముంది. అలవాటైన కాఫీ హఠాత్తుగా ఆపితే 12 నుండి 24 గంటలలో తలనొప్పి, బద్ధకం, చిరాకు మొదలై, వారం పైగా ఉండవచ్చు. అదే సమయంలో నిద్రమాత్ర కూడా నడుస్తుంటే దానిని అడ్డుకునే కెఫీన్ తగ్గిపోయి మత్తు ఎక్కువవుతుంది. అందుకని మూడు నాలుగు రోజులకు ఒక కప్పు చొప్పున తగ్గించడం మంచిది. ఆ వారాల్లో ఉదయం పూట వాహనం జాగ్రత్త.

మూడు వారాలకు ఆవిడకు మాత్రతో నిద్ర పట్టసాగింది, ఉదయం దిమ్ము కొంత తగ్గింది. అప్పుడు మాత్ర రాసిన డాక్టరుగారి దగ్గరికే పంపించాను. ఆయన కొద్దికొద్దిగా మోతాదు తగ్గిస్తూ నెలల మీద ఆపించారు. మధ్యలో పది రోజులు బాగా ఇబ్బంది పడ్డారు. ఇక్కడ ఖండితంగా చెబుతున్నాను: ఈ జాతి మాత్రలు చాలాకాలంగా వాడుతున్నవారు ఈ వ్యాసం చదివి రేపటి నుండి ఆపివేయకండి. నిద్ర మునుపటి కంటె చెడిపోతుంది, కొందరికి మూర్ఛలు వస్తాయి. తగ్గించడం వైద్యుని పని. అలాగే మాత్రల మీద మద్యం వద్దు. గట్టిగా గురకపెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్లయ్యే వారు ఈ మాత్రలు మొదలుపెట్టే ముందే ఆ సంగతి డాక్టరుగారికి చెప్పాలి.

ఆల్ప్రజోలాం, డయజిపాం, నైట్రజిపాం, జోల్పిడెం వంటివాటిని 2014 మార్చి 1 నుండి హెచ్-1 జాబితా కింద అమ్మవలసి ఉన్నది. చీటీ లేనిదే ఇవ్వరాదు. రాసిన వైద్యుని పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. అడగగానే చేతిలో పెట్టే షాపువాడు మనకు మేలు చేస్తున్నట్లు కనిపిస్తాడు. పక్కింటివారు "మాకు పనిచేసింది" అని ఇచ్చే అట్ట సంగతీ ఇంతే. జోల్పిడెం వేసుకునేవారు నిండు భోజనం చేసిన వెంటనే వేసుకోవద్దు. ప్రభావం ఆలస్యమై, ఆ ఆలస్యాన్ని చూసి రెండో మాత్ర వేసుకునే ప్రమాదమున్నది.

ధనియాల కాఫీ ఎలా చేయాలని ఆవిడ తరువాత చాలామంది అడిగారు. ఒక గిద్దెడు ధనియాలు, రెండు చెంచాల జీలకర్ర సన్నని సెగ మీద దోరగా వేయించి, చిన్న శొంఠి ముక్క, నాలుగు మిరియాలు చేర్చి కచ్చాపచ్చాగా దంచి డబ్బాలో పెట్టుకోవాలి. ఒక గ్లాసు నీటిలో ఒక చెంచా పొడి వేసి సగానికి మరిగించి, వడగట్టి, బెల్లం, వేడిపాలు కలిపి తాగాలి. కడుపులో మంట ఉన్నవారు మిరియాలు మానవచ్చు. రంగు కాఫీలాగే ఉంటుంది. రుచి కాఫీలా ఉండదు. మొదటి మూడు రోజులు ఇంట్లోవారు ముఖం చిట్లిస్తారు. పొడి వారానికి సరిపడా మాత్రమే దంచుకుంటే వాసన పోదు.